ముల్లు కనిపించే సీటు

పోయిన వారం క్యాంపుకి వెళ్తుంటే చెరువు కట్ట ఎక్కే దగ్గర మా ఆఫీసు జీపు మూలగడం మొదలుపెట్టింది. ఇంజన్ వేడెక్కిందేమో చూడమని డ్రైవర్‌తో అన్నాను. "బానే ఉంది సార్" అన్నాడు, మీటరు వైపు చూడకుండానే. "బానే ఉంది అనకు. ఎంత ఉందో చెప్పు" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. నాకూ వింతగానే ఉంది. ఆ మాట నాది కాదు. చిక్కడపల్లిలో పాత అంబాసిడర్ నడిపిన ఒక పెద్దావిడది. ఆవిడ పోయారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు ఏం చేయాలో తోచక ఊరుకున్నాను. ఇన్నాళ్ళకు జీపులో కూర్చుని, ఆవిడ మాటనే ఆవిడ గొంతుతో అనేసి, పక్కకు తిరిగి నవ్వుకున్నాను.

ఆవిడను సందులో అందరూ డాక్టరమ్మ అనేవారు. ఆవిడ మత్తు డాక్టరు. రిటైరయి అప్పటికే చాలా ఏళ్ళయింది. నేనేమో గ్రూప్స్‌కి చదువుతున్నాను. చదువుతున్నానంటే, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ చదివిందే చదువుతున్నాను. అశోక్‌నగర్ హాస్టల్లో ఒకడు పాలిటీ గట్టిగా చదివితే, పక్కవాడు పంతం కొద్దీ ఎకానమీ ఇంకా గట్టిగా చదివేవాడు. ఆ మోత భరించలేక చిక్కడపల్లిలో మేడ మీద గది ఖాళీగా ఉందంటే చూడ్డానికి వెళ్ళాను. డాక్టరమ్మ తలుపు తీసి, పేరూ ఊరూ అడక్కుండా నా మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నారని నాకు అర్థమయ్యేసరికి చూడడం అయిపోయింది.

"పరిగెత్తుకుంటూ వచ్చావా?"

"లేదు మేడం. జర భయమైతున్నది."

"గది చూడ్డానికి భయమెందుకు? సరే గానీ, చిన్న అంకెలు కనిపిస్తాయా నీకు?"

"కనిపిస్తయి."

"పైకి గట్టిగా చదవగలవా?"

"చదువుత మేడం."

"అయితే గది నీదే" అన్నారు. పరీక్షలకు చదివే కుర్రాణ్ణి చదవగలవా అని అడగడమేమిటని నాకు లోపల రోషం వచ్చింది. సంగతేమిటో ఆదివారం తెలిసింది.

ఆ అంబాసిడర్‌కి మొదట ఒక ఎర్ర లైటు మాత్రమే ఉండేది. ఇంజన్ లోపల తిరిగే ఆయిల్‌కి ఒత్తిడి ఉండాలి. అది పోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజన్ నిమిషాల్లో పాడవుతుంది. ఒత్తిడి పోయినప్పుడు ఆ ఎర్ర లైటు వెలుగుతుంది. డాక్టరమ్మకు ఈ ఏర్పాటు నచ్చలేదు. "లైటయితే ఇంజన్ చచ్చాక చెప్తుంది. ముల్లయితే చచ్చే ముందు చెప్తుంది" అనేవారు. అందుకని ముషీరాబాద్‌లో ఒక పాత మెకానిక్ చేత ముల్లున్న మీటరు పెట్టించుకున్నారు. ఆయన మంచివాడే, చేతి పని కూడా మంచిదే. కానీ స్టీరింగ్ వైపు చోటు చాలక, మీటరునీ ఎర్ర లైటునీ కలిపి ఒకే రేకు పలకకు బిగించి, ఎడమవైపు సీటు ముందు పెట్టేశాడు. నడిపే మనిషికి అవి కనిపించవు. పక్కన కూర్చున్నవాళ్ళకే కనిపిస్తాయి. అందుకే ఆవిడకు మేడ మీద గదిలో పైకి చదవగలిగే మనిషి కావలసి వచ్చాడు.

ప్రతి ఆదివారం ఒకటే తంతు. డాక్టరమ్మ వచ్చి, బానెట్ మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టి, "కళ్ళు తెరవండి" అనేవారు. ఆపరేషన్ అయ్యాక మనుషులను లేపినట్టే బండిని లేపేవారు. తర్వాత తాళం సగం తిప్పి అడిగేవారు.

"లైటు?"

"వెలిగింది."

ఇంజన్ స్టార్ట్ చేసేవారు.

"ఆరిందా?"

"ఆరింది."

"ముల్లు?"

మొదటి రోజు నేను "బానే ఉంది మేడం" అన్నాను. ఇంజన్ ఆపేసి నా వైపు తిరిగారు. "బానే ఉంది అనకు. ఎంత ఉందో చెప్పు. బానే ఉందో లేదో నేను చూసుకుంటాను." ఆ తర్వాత నేను అంకె తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. నారాయణగూడ వైపు వెళ్తుంటే నలభై. చౌరస్తాలో ఆగితే ఇరవై. "ఆగినప్పుడు అంతే ఉంటుంది. నువ్వు కంగారుపడకు" అనేవారు. కోఠీలో పాత పుస్తకాల దుకాణాల ముందు ఎవడైనా అడ్డం వచ్చినా తిట్టేవారు కాదు. హారన్ కొట్టకుండా, వాడు తప్పుకునేదాకా ఆగి, ఆ ఖాళీలో నన్ను అడిగేవారు, "ఎంత?" అని. బంద్ పిలుపిచ్చిన రోజుల్లో అందరూ తలుపులు వేసుకుంటే, రోడ్డు ఖాళీగా ఉంటే ఇంజన్ చప్పుడు బాగా వినిపిస్తుందని ఆవిడ బండి తాళాలు చేతికి తీసుకునేవారు. ఒకసారి గేటుకు అడ్డంగా నిలబడి, మా స్టూడెంట్లు పిలిచిన బంద్ మేడం, నన్ను చూస్తే ఏమనుకుంటరు అని బతిమాలాను. "నిజమే, నీ పరువు పోతుంది" అని నవ్వి లోపలికి వెళ్ళారు.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకు. ఎవరితో మాట్లాడినా ఎదురుగా నిలబడేవారు కాదు. కూర్చున్న మనిషి వెనక్కి వెళ్ళి, తల దగ్గర నిలబడి మాట్లాడేవారు. కొత్తవాళ్ళు మెడ తిప్పలేక అవస్థ పడేవారు. జీవితమంతా పడుకున్నవాళ్ళ తలాపిన కూర్చుని పనిచేసిన మనిషి కదా, మనుషులు ఆవిడకు ఆ వైపు నుంచే అర్థమవుతారేమో అనుకునేవాణ్ణి. మగవాళ్ళ వాచీ పెట్టుకునేవారు, డయల్ మణికట్టు లోపలివైపుకు తిప్పి. సెకన్ల ముల్లు లేని వాచీని వాచీ అనేవారే కాదు.

ఆవిడ తమ్ముడు బర్కత్‌పురలో వకీలు. ఆయనకు అక్కంటే ప్రాణం, అక్క డ్రైవింగ్ అంటే గుండె దడ. వచ్చినప్పుడల్లా అదే గొడవ.

"అక్కా, ఈ వయసులో నీకెందుకే ఈ బండి? ఆటో పిలిస్తే గుమ్మంలోకి వస్తుంది."

"ఆటోలో కూర్చుంటే నన్ను ఎవరో తీసుకెళ్తారు. దీంట్లో అయితే నేను వెళ్తాను."

"రెండూ ఒకటే కదే."

"నీకు ఒకటే. మీ ఇంట్లో అందరూ నిన్ను అడిగి వెళ్తారు."

వయసులో ఉన్నప్పుడు ఏ నర్సింగ్ హోమ్ నుంచి కబురొచ్చినా, ఎవరినీ తోడు రమ్మనకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా ఆవిడ ఆ బండిలోనే వెళ్ళి వచ్చేవారట. ఆవిడ ఎన్నడూ పైకి అనలేదు గానీ, ఆ తాళాలు చేతిలో ఉన్నంతకాలం తాను తనే అని ఆవిడ నమ్మకం. నాకు అది బాగానే అర్థమయ్యేది. మా ఊళ్ళో మా అత్త సైకిల్ కోసం ఎంత పోరాడిందో నేను చూశాను.

ఒక ఆదివారం నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం. నేను అలవాటుగా మీటరు వైపు చూస్తున్నాను. నలభై మీద ఉండాల్సిన ముల్లు ముప్పైకి దిగింది. "ముప్పై" అన్నాను. "ఎక్కేటప్పుడు ముప్పై ఏమిటి?" అన్నారు. "ఇరవై... పది మేడం" అనేసరికి తాళం తిప్పేశారు. బండి ఉన్న ఊపుతోనే పక్కకు చేరింది. దిగి చూస్తే వెనకాల రోడ్డు మీద నల్లటి చార. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి తల పట్టుకున్నాడు.

జరిగింది ఇది. మీటరుకు కబురు పంపేది సెండర్ అనే బరువైన లోహపు డబ్బా. లైటు స్విచ్చునీ ఆ సెండర్‌నీ కలిపి ఒక ఇత్తడి గొట్టానికి బిగించి, ఆ గొట్టాన్ని నేరుగా ఇంజన్‌కి తగిలించాడు మెకానిక్. ఇంజన్ అదిరినప్పుడల్లా ఆ బరువు ఊగి ఊగి, ఇత్తడి మెడ చిట్లిపోయింది. ఆయిల్ అంతా బయటికి కొట్టేసింది.

"మరి పరేషాన్ గాకుండ్రి మేడం" అన్నాడు మెకానిక్. "సెండర్‌ని ఇంజన్ మీదకెళ్ళి తీసేస్త. దూరంగ, ముందట రేకు గోడకు బిగిస్త. నడుమ రబ్బర్ హోస్ పెడ్త. ఇంజన్ ఎంత ఊగినా అది ఊగది."

"ఆయిల్ లేకుండా ఇంజన్ ఎంతసేపు తిరిగింది?"

"జరంతసేపే. కానీ లోపట ఏమైందో ఇప్పుడే చెప్పలేం. ముల్లు పెట్టినంక తెలుస్తది. బేరింగులు అరిగితే మల్ల ముల్లు లేవది."

ఈ మాట తమ్ముడిగారి చెవిన పడింది. ఆయన బర్కత్‌పుర నుంచి వచ్చి వరండాలో కూర్చున్నారు. డాక్టరమ్మ ఎప్పటిలాగే వెనక్కి వెళ్ళి ఆయన తల దగ్గర నిలబడ్డారు.

"ఫ్లైఓవర్ మీద వెనక ఏ బస్సో ఉండి ఉంటే ఏమయ్యేదే?" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు. నిజంగా భయపడ్డారు. "పెళ్ళి బరాత్‌లకి పాత కార్లు తిప్పేవాడు ఒకడున్నాడు. అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం."

డాక్టరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేశారు. తర్వాత అన్నారు, "మీటరు పెట్టనీ. ముల్లు లేస్తే నువ్వు ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు. లేవకపోతే తాళాలు నీ చేతికి ఇచ్చేస్తాను. నేను కూడా ఎత్తను."

ఆ సాయంత్రం నేను ఉండబట్టలేక మెట్లు దిగి వెళ్ళి, "మీటర్ కూడా తప్పు చూపియ్యొచ్చు కద మేడం" అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, నా వెనక నిలబడి ఒక సంగతి చెప్పారు. ఎప్పుడో ఒక ఆపరేషన్‌లో బీపీ పడిపోతోందని ఆవిడ చెబితే, సర్జన్ చెయ్యి ఆపకుండా "మీ మిషనే పాడై ఉంటుంది" అన్నాడట. అతను చెడ్డవాడు కాదు, పని బాగా జరుగుతోందని నమ్మాలని అతనికి ఉంది, అంతే అన్నారు. ఆవిడ గట్టిగా అరిచి ఆపించారు. ఆ మనిషి బతికాడు. "మనకి ఇష్టంలేని అంకె కనిపించగానే మిషన్ పాడైందనుకోకూడదు అబ్బాయ్. నేను ఆ మాట ఎన్నడూ అనలేదు. నా బండికైనా అనను."

నాకు ఆ రాత్రి ఒక్క పేజీ కూడా ఎక్కలేదు.

పని అయిన రోజు పొద్దున్నే మెకానిక్ బండి తెచ్చి గేటు ముందు నిలిపాడు. పని ఎంత నీటుగా చేశాడో చూపించడానికి బానెట్ ఎత్తాడు. ఇంజన్ నుంచి నల్లటి హోస్, దాని చివర రేకు గోడ మీద బుద్ధిగా కూర్చున్న సెండర్, పక్కనే లైటు స్విచ్చు. తమ్ముడిగారు అప్పటికే వచ్చి ఉన్నారు. "నేనే చూస్తాను" అని నా సీట్లో కూర్చున్నారు. నేను బయట నిలబడ్డాను. డాక్టరమ్మ స్టీరింగ్ ముందు కూర్చున్నారు. బానెట్ తట్టలేదు. "కళ్ళు తెరవండి" అనలేదు. తాళం సగంలో ఆపి లైటు సంగతి అడగలేదు కూడా. ఒక్కసారే తిప్పేశారు.

ఇంజన్ అందుకుంది.

"ఎంత?" అన్నారు.

తమ్ముడిగారు వంగి చూశారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "సున్నా అక్కా."

ఆయన మాట పూర్తి కాకముందే ఆవిడ ఇంజన్ ఆపేశారు. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "బేరింగులే పోయినట్టున్నయి మేడం" అని గొణిగాడు. డాక్టరమ్మ తాళాలు తీసి, తమ్ముడి అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు మూశారు. "మాట మాటే. దండలు మరీ ఎక్కువ వేయొద్దని చెప్పు వాడికి" అన్నారు. తమ్ముడిగారి మొహం చూడాలి. తాను కోరుకున్నదే చేతికొచ్చింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఎక్కువగా కోపమే. ఇన్ని నెలలు అంకెలు చదివింది నేను. చివరి అంకె ఇంకొకరు చదవడమేమిటి?

"సార్, జర దిగుండ్రి" అన్నాను. "ఒక్కసారి నన్ను చదవనీయుండ్రి. సున్నానే అయితే సున్నా అనే చెప్త."

తమ్ముడిగారు దిగి, తాళాలు మళ్ళీ అక్క చేతికి ఇచ్చారు. నేను నా సీట్లో కూర్చున్నాను. నేను పక్కన కూర్చోగానే ఆవిడ చేతికి పాత అలవాటు వచ్చేసింది. తాళం సగం తిప్పి ఆగారు.

"లైటు?"

"వెలగలే మేడం."

ఆవిడ తల నా వైపు తిరిగింది. "ఇంజన్ ఆగే ఉంది కదా?"

"ఆగే ఉంది."

"ఆగి ఉంటే ఒత్తిడి ఉండదు. ఒత్తిడి లేకపోతే లైటు వెలగాలి."

"వెలగాలె. వెలగలే."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆ మొహం వేరు. ఆపరేషన్ థియేటర్లో ఆవిడ ఎలా ఉండేవారో నేను ఎన్నడూ చూడలేదు, కానీ ఇలాగే ఉండేవారని ఇప్పటికీ అనుకుంటాను.

"ముల్లు ఒత్తిడి లేదంటోంది. లైటు ఉందంటోంది. రెండూ ఒకేసారి నిజం కావు" అన్నారు. బండి దిగి, బానెట్ దగ్గరికి నడిచి, మెకానిక్ పక్కన నిలబడ్డారు. "ఆ రెండూ ఇదివరకు ఇంజన్ మీద ఉండేవి. ఇప్పుడు వేటి మీద ఉన్నాయి?"

"రేకు గోడ మీద మేడం."

"రేకుకు తగిలి ఉన్నాయా?"

మెకానిక్ వేలు పెట్టి తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది. "రబ్బర్ పెట్టిన మేడం" అన్నాడు మెల్లగా. "నడుమ పాత ట్యూబ్ ముక్క కోసి పెట్టిన. మల్ల అదిరి పలగొద్దని. మెత్తగ ఉంటదని."

"మరలకి?"

"నల్లాలకు చుట్టే తెల్ల టేపు మంచిగ చుట్టిన. ఆయిల్ కారొద్దని."

మొదటిసారి అదిరి విరిగిందన్న భయంతో ఈసారి అంత ప్రేమగా చేశాడు పాపం. హోస్ రబ్బరు, కింద పరుపు రబ్బరు, మరలకు టేపు. సెండర్‌కి గానీ స్విచ్చుకి గానీ బండి ఇనుము ఎక్కడా తగలడం లేదు. ఇనుము తగలకపోతే ఎర్త్ లేదు, ఎర్త్ లేకపోతే కరెంటు తిరగదు. ఆ మీటరుకు కరెంటు అందకపోతే ముల్లు సున్నా మీదే పడుకుంటుంది, లైటు వెలగనే వెలగదు. ఇంజన్ ఎలా ఉందో రెండింటిలో ఏదీ చెప్పడం లేదు.

"ఇది ఇష్టంలేని అంకె కాదు" అన్నారు డాక్టరమ్మ, నా వైపు చూసి. "అసలు అంకే కాదు. వైరు ఊడదీసి రోగి పోయాడనుకున్నాం."

మెకానిక్ చేతులు ఎప్పుడూ అంత తొందరపడి ఉండవు. ఒక చిన్న వైరు ముక్క తీసుకుని, ఒక కొస సెండర్ ఒంటికీ స్విచ్చు ఒంటికీ చుట్టి, ఇంకో కొసను రేకు మీద రంగు గీకి మర కింద బిగించి, బానెట్ మూశాడు. ఆవిడ వచ్చి కూర్చున్నారు. కూర్చునే ముందు బానెట్ మీద రెండు వేళ్ళతో తట్టడం మర్చిపోలేదు.

"లైటు?"

"వెలిగింది."

తమ్ముడిగారు గేటు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మెకానిక్ కూడా. ఇంజన్ అందుకుంది.

"ఆరిందా?"

"ఆరింది."

"ముల్లు?"

ముల్లు కదిలింది. కదిలి, లేచి, నలభై దాటి, యాభై దగ్గర నిలబడింది. నేను చూస్తూనే ఉన్నాను. నోట్లో అంకె ఉంది, బయటికి రావడం లేదు.

"బానే ఉంది మేడం" అన్నాను. "బానే ఉంది."

ఆవిడ నన్ను తిట్టలేదు. స్టీరింగ్ మీద నుదురు ఆనించి, ఇంజన్ అదురు నుదుటికి తగలనిస్తూ అలాగే ఉండిపోయారు. కాసేపటికి ఆవిడ తలెత్తి, గేటు దగ్గర ఇంకా కళ్ళు మూసుకునే ఉన్న ఆ ఇద్దరినీ చూసి అన్నారు, "కళ్ళు తెరవండి. అయిపోయింది."

తమ్ముడిగారు కళ్ళు తెరిచి, జేబులోంచి ఫోన్ తీసి బరాత్ అతనికి అక్కడికక్కడే వద్దని చెప్పేశారు. ఓడిపోయిన వకీలు అంత హాయిగా ఊపిరి వదలడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మెకానిక్ తప్పు సవరించుకోవాలనే ఆరాటంలో ఉన్నాడు. "మేడం, ఎట్లయినా వైర్లు విప్పిన. మీటర్‌ని మీ దిక్కు మార్చేస్త. చోటు చేస్త. ఇగ మీరే చూసుకోవచ్చు, ఎవ్వరినీ అడిగే పని లేదు."

ఆ మీటరు కుడివైపుకు వెళ్తే ఆదివారాలు నేను మేడ మీదే ఉండాలి.

"వద్దు" అన్నారు డాక్టరమ్మ. "నడిపే మనిషి తన ముల్లు తను చదువుకోకూడదు. పక్కన ఇంకొకళ్ళు కూర్చుని చెప్పాలి. అక్కడే ఉండనీ."

తమ్ముడిగారు నా వైపు తలుపు తీయబోతే డాక్టరమ్మ వెనక్కి చూపించారు. ఆయన నవ్వుతూ వెనక సీట్లో సర్దుకున్నారు. బండి సందు దాటి పెద్ద రోడ్డెక్కింది. నారాయణగూడ ఫ్లైఓవర్ మొదట్లో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఆవిడ అడిగారు, "ఎంత?"

"నలభై రెండు" అన్నాను.